పావు తక్కువ ఐదు

"మీ స్నానం ఎప్పుడండీ?" అని భార్య అడిగేసరికి పెద్దమేస్త్రీ చేతిలోని టీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ నోట ఆ ప్రశ్న రావడం అదే మొదటిసారి. అడగాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది గనక? అద్దకం మిల్లులో పని ముగిసే కూత పావు తక్కువ ఐదుకి. ఆ కూత ఆగేలోపు ఆయన స్నానాల షెడ్డులో మొదటి పంపు కింద ఉండేవాడు. ఇల్లు చేరేసరికి తల తడి, ఒంటికి సోడా వాసన, భుజాన తడి తువ్వాలు. ఇంట్లో కూడా ఒక స్నానాలగది ఉందని ఆయనకి తెలియక కాదు. పక్క ఊళ్ళో దూరపు చుట్టం ఉన్నాడని తెలిసినట్టు తెలుసు, అంతే. సెలవు రోజున ఆ గడప కూడా తొక్కేవాడు కాదు. "ఆరు రోజులు నానిన ఒళ్ళు, ఏడో రోజైనా ఆరనీ" అనేవాడు.

శనివారం మిల్లులో ఆఖరి రోజు. ఒక చేతిగడియారం ఇచ్చి, చప్పట్లు కొట్టి పంపించారు. ఇవాళ సోమవారం.

"ఎప్పుడేమిటి? పొద్దున్నే. మనుషులందరూ చేసే వేళకే" అన్నాడు దర్జాగా.

ఆ వేళకి ఇంట్లో అప్పటికే ముగ్గురు హక్కుదారులున్నారన్న సంగతి ఆయనకి తట్టలేదు. ఐదున్నరకి కొడుకు. వాడు బస్సు డిపోలో మెకానిక్కు. ఆరింటికి కోడలు. ఆసుపత్రిలో మందుల కౌంటరు తెరిచేది ఆ పిల్లే. ఏడింటికి మనవరాలు. ఏడున్నరకి బడి బస్సు వీధి మొదట్లో ఆగి రెండుసార్లు హారన్ కొడుతుంది, మూడోది కొట్టదు. పెద్దమేస్త్రీ సరిగ్గా ఏడుకి ఐదు నిమిషాల ముందు లోపల దూరి గడియ పెట్టుకున్నాడు.

పెట్టుకున్నవాడు అలవాటు ప్రకారం పని మొదలుపెట్టాడు. ముందు మోచేతుల దాకా సోడా. తర్వాత తవుడు. వేళ్ళ సందుల్లో నురుగురాయి. గోళ్ళ కింద పుల్ల. చెవుల వెనక, మెడ మడతల్లో, మోకాళ్ళ వెనక. కిందికి చూస్తే నీళ్ళు తెల్లగా పోతున్నాయి. తెల్లగా పోతున్న నీళ్ళని చూసి ఎక్కడ ఆపాలో ఆయనకి తెలియలేదు. మిల్లులో అయితే నీళ్ళే చెప్పేవి.

"తాతయ్యా! లోపల నిద్రపోయావా?" అంటూ మనవరాలు తలుపు బాదింది.

"అయిపోయింది తల్లీ, ఒక్క చెవి మిగిలింది."

ఆ ఒక్క చెవి అయ్యేసరికి వీధి మొదట్లో రెండో హారన్ వినబడింది. మూడోది వినబడలేదు.

కోడలు పిల్లని రెక్క పట్టుకుని ఆటో కోసం పరుగెడుతూ, "పర్లేదు మామయ్యగారూ, రేపట్నుంచి నేను నాలుగింటికే లేస్తాను" అంది. అంత మర్యాదగా తిట్టించుకోవడం పెద్దమేస్త్రీకి అలవాటు లేదు. మిల్లులో తిడితే తిట్టులాగే ఉండేది.

మంగళవారం తెలివి తెచ్చుకున్నాడు. అందరూ వెళ్ళాక, ఇల్లు సద్దుమణిగాక, పదకొండుకి పది నిమిషాలుందనగా తీరిగ్గా లోపలికి వెళ్ళాడు. తలనిండా సబ్బు పట్టించి, కళ్ళు మూసుకుని పంపు తిప్పితే అది గుటక మింగినట్టు ఒక చప్పుడు చేసి ఊరుకుంది.

"ఏమే! నీళ్ళాగిపోయాయి!"

"పదకొండయితే ఆగిపోతాయండీ. ఊరందరికీ తెలిసిందే కదా."

"నాకెవరూ చెప్పలేదే!"

"మీరు పగలు ఊళ్ళో ఎప్పుడున్నారు గనక?" అంటూ ఆవిడ తలుపు సందులోంచి ఒక బకెట్ లోపలికి తోసింది. నిండుగా నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు ఎక్కడివని ఆయన అడగలేదు. కళ్ళు మండుతున్నవాడికి అలాంటివి తోచవు. గబగబా కుమ్మరించుకుని బయటపడ్డాడు.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి, పట్టి ఉంచిన నీళ్ళతో పోసుకున్నాడు. అది స్నానమేగానీ, దాని తర్వాత చేసేదేమీ లేదు. మంచం మీద వాలితే రాయిలా నిద్రపట్టింది. లేచేసరికి గోడ మీద ఎండ ఏటవాలుగా పడుతోంది. చేతులు జిలజిలమంటున్నాయి. మోచేతుల నుంచి వేళ్ళ దాకా, నీలం ఆరిపోతున్నప్పుడు చర్మం బిగిసినట్టు. కొత్త గడియారం చూసుకున్నాడు. నాలుగున్నర.

ఇంటి వెనక నీడలో భార్య బట్టలు మడత పెడుతోంది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

"మిల్లులో సబ్బుపెట్టె మర్చిపోయానే. తెచ్చుకుంటా."

"సబ్బుపెట్టె తెచ్చుకోవడానికి తువ్వాలెందుకండీ?"

ఆయన వినిపించుకోనట్టు నడిచాడు.

*

"ఏం మేస్త్రీ, అప్పుడే?" అన్నాడు మిల్లు గేటు దగ్గర కాపలా ముసలాయన, చిన్న తలుపు తీస్తూ. "మా ఆవిడ అలిగి పుట్టింటికెళ్తే ఆవిడ కూడా ఇంత త్వరగా తిరిగి రాదు."

కూత కూసింది. పెద్దమేస్త్రీ కాళ్ళు వాటంతటవే వడి అందుకున్నాయి.

స్నానాల షెడ్డు అంటే రేకుల కప్పు కింద బండలు పరిచిన పొడవాటి గది. నడుముకి రెండింతల ఎత్తులో వరుసగా ఎనిమిది పంపులు. పని ముగియగానే బాయిలర్ ఆర్పి, అందులో మిగిలిన వేడినీళ్ళు ఆ పంపుల్లోకి వదులుతారు. అవి సరిగ్గా అరగంట వస్తాయి. ఆ తర్వాత వచ్చేవి చన్నీళ్ళు. చన్నీళ్ళకి అద్దకం రంగు కదలదు సరికదా, ఇంకా కరుచుకుంటుంది.

లోపల అడుగు పెట్టగానే ఆవిరి ఆయన ముఖాన్ని రెండు చేతులతో పట్టుకున్నట్టనిపించింది. తడిసిన తవుడు వాసన, సోడా వాసన. ముప్పై మంది మగాళ్ళ అరుపులు రేకుల కప్పుకి తగిలి తిరిగొస్తున్నాయి. ఒకడి వీపు ఒకడు తోముతున్నాడు. పాటగాడు ఎప్పటిలాగే రెండో చరణం మర్చిపోయి మొదటిదే మళ్ళీ ఎత్తుకున్నాడు. నీలం తొట్టి వాళ్ళ నుంచి నీలం, ఎర్ర తొట్టి వాళ్ళ నుంచి ఎరుపు, బండల మీద కొంత దూరం విడివిడిగా పోయి గోడ దగ్గర కలిసిపోతున్నాయి.

పద్దెనిమిదేళ్ళ వయసులో మొదటిసారి ఇక్కడే నిలబెట్టి తల మీద పంపు తిప్పాడు ఆయనకి పని నేర్పిన గురువు. "నీళ్ళు తేటపడేదాకా కదలకురా. మిల్లుని ఇంటికి మోసుకెళ్ళకూడదు" అన్నాడు. ఆ మాట ఒక్కరోజే తప్పింది. కొడుకు పుట్టాడని కబురొస్తే కడుక్కోకుండా పరుగెత్తాడు. ఎత్తుకున్న పసివాడి బుగ్గ మీద నీలంగా ఆయన బొటనవేలి ముద్ర పడింది. మంత్రసాని గావుకేక పెట్టింది. ఆ ముద్ర పోవడానికి వారం పట్టింది. ఆ వారం పొడుగునా షెడ్డులో అప్పటివాళ్ళంతా "సంతకం పెట్టాడ్రోయ్, ఇంక కాదనడానికి లేదు" అని ఏడిపించారు.

"గురువుగారొచ్చారు!" అని ఎవరో అరిచారు. ముప్పై గొంతులు ఒకేసారి లేచాయి. పెద్దమేస్త్రీ నవ్వుతూ చొక్కా గుండీలు విప్పుకుంటూ తిన్నగా మొదటి పంపు దగ్గరికి వెళ్ళాడు.

ఎర్రోడు అడ్డంగా చెయ్యి చాపాడు. ఎర్ర తొట్టిలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నందుకు వచ్చిన పేరు అది. బుర్రకి సంబంధించింది కాదని వాడు కొత్తవాళ్ళందరికీ పనిగట్టుకుని చెబుతుంటాడు.

"ఆగాగు గురూ. రంగు ముదురు ముందు. చేతులు చూపించు."

రంగు ముదురు ముందు. షెడ్డులో ఉన్న చట్టం అదొక్కటే. పెద్దా చిన్నా లేదు, పాతా కొత్తా లేదు. ఎవడి ఒంటి మీద రంగు ముదురుగా ఉంటే వేడినీళ్ళు ముందు వాడివి. పెద్దమేస్త్రీ చేతులు చాపాడు. ఒలిచిన కోడిగుడ్డులా తెల్లగా ఉన్నాయి.

షెడ్డంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూనే వెళ్ళి గోడ పక్కన బెంచీ మీద కూర్చుని, పొడి తువ్వాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. ముప్పై మందీ ఒకరి తర్వాత ఒకరు తేటపడి, తల దువ్వుకుని, "ఉంటాం గురూ" అని వెళ్ళిపోయారు. ఆఖరివాడు వెళ్ళేసరికి ఆవిరి పోయింది. ఆయన పంపు కింద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉన్నాయి.

అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది.

ఆరుగురు ఆడవాళ్ళు, చేతుల్లో చీపుళ్ళు, బకెట్లు. రెండేళ్ళ కిందట కాంట్రాక్టు మీద తీసుకున్న తొట్టి మనుషులు. అద్దకం అయిన గుడ్డని తొట్లలో నిలబడి జాడించడం వాళ్ళ పని. మోచేతులు దాటి పైదాకా, మోకాళ్ళ దాకా నీలం. ఒకమ్మాయి నుదుటి మీద చెమట తుడుచుకున్న చోట నీలి చార. రోజూ కూత కాగానే మొదటి పంపు, ఐదింటికల్లా గేటు బయట. అందుకే తన వెనక ఈ షెడ్డు ఎవరు కడుగుతున్నారో పెద్దమేస్త్రీ ఎన్నడూ చూడలేదు.

ఆయన్ని చూసి వాళ్ళు ఒక్క క్షణం తటపటాయించి, పని మొదలుపెట్టారు. మగాళ్ళు వదిలిన తవుడు ఊడ్చారు, బండలు కడిగారు. కడగడం అయ్యాక ఒకామె గోడ గూట్లో మిగిలిన సబ్బు ముక్క తీసి పంపు కింద చేతులు రుద్దుకోవడం మొదలెట్టింది. మనిషి పొడుగు. అందరూ ఆమెని పొడుగమ్మ అంటారు.

"చన్నీళ్ళకి పోదమ్మా. ఇంకా పట్టుకుంటుంది" అన్నాడాయన, ఉండబట్టలేక.

"తెలుసు మేస్త్రీగారూ" అందామె రుద్దడం ఆపకుండా. "వేడినీళ్ళు అయిపోయాకే కదా మాకు తలుపు తీసేది."

"మరి స్నానం?"

ఆమె తలెత్తి చూసింది. కోపం లేదు ఆ చూపులో. అదే ఆయనకి ఇబ్బందిగా తోచింది.

"ఆడవాళ్ళు ఇంటి దగ్గర చేసుకుంటారులెండి అని మీరే చెప్పారటగా. ఇంటి దగ్గర బాయిలర్ ఉంటుందనుకున్నారేమో."

మిగతా వాళ్ళు కిసుక్కున నవ్వారు. పెద్దమేస్త్రీ ఆ మాట నిజంగానే అన్నాడు. మేనేజరు గదిలో, నిలబడి, ఒక కాగితం మీద సంతకం కోసం ఎదురుచూస్తూ. "కొత్తగా వచ్చే ఆడవాళ్ళకి స్నానం సంగతేమిటి మేస్త్రీ?" అని మేనేజరు అడిగితే, ఆలోచించడానికి ఒక్క క్షణం కూడా తీసుకోకుండా ఆ మాటే అన్నాడు. అని బయటికొచ్చి మర్చిపోయాడు.

వాళ్ళ వెనకే గేటు దాకా, గేటు నుంచి బస్సు స్టాపు దాకా నడిచాడు. ఎందుకు నడుస్తున్నాడో అడిగితే చెప్పలేడు. బస్సు వచ్చింది. సగం సీట్లు ఖాళీ. ఆరుగురూ ఎక్కి, ఒక్కరూ కూర్చోకుండా వెనక ఊచలు పట్టుకుని నిలబడ్డారు.

"సీట్లున్నాయి కదమ్మా!" అని కింది నుంచి కేకేశాడు.

"సీటుకి రంగంటుతుందని కండక్టరు ఊరుకోడు బాబాయ్" అంది నుదుట చార ఉన్న అమ్మాయి కిటికీలోంచి. "ఒకందుకు మంచిదేలే. ఎంత రద్దీ ఉన్నా మమ్మల్ని ఎవడూ రాసుకోడు."

బస్సు కదిలింది. రోజంతా తొట్లలో నిలబడ్డ ఆరుగురు, ఇంకో గంట నిలబడడానికి వెళ్ళిపోయారు.

*

గురువారం పొద్దున్న ఆయన స్నానం ఊసెత్తలేదు. గుమ్మం పక్కన కూర్చుని ఇంట్లో వాళ్ళని గమనించాడు. కొడుకు, కోడలు, మనవరాలు. తర్వాత గిన్నెలు, బట్టలు, నేల. పదిన్నర దాటాక కూడా భార్య తడి చేతులతోనే తిరుగుతోంది.

"ఇదిగో, నువ్వెప్పుడు పోసుకుంటావు?"

ఆవిడ వింతగా చూసింది. "అందరిదీ అయ్యాక, పదకొండు లోపు ఎప్పుడో. ఆగిపోతాయేమోనని ఒక బకెట్ ముందే పట్టి పెట్టుకుంటా."

"మొన్న మంగళవారం?"

"మొన్న అది మీరు పోసుకున్నారుగా."

పెద్దమేస్త్రీ లేచి చెప్పులేసుకున్నాడు.

ఆయన స్థానంలోకి వచ్చినవాణ్ణి మిల్లులో చిన్నమేస్త్రీ అంటారు. ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. మధ్యాహ్నం విరామంలో రంగుల గది అరుగు మీద కూర్చుని అన్నం డబ్బా విప్పుతున్నవాడు, గురువుగారు చెప్పిందంతా విని డబ్బా మూసేశాడు.

"ఆ టైము పెట్టింది మీరే కదా గురువుగారూ. షెడ్డు గోడ మీద బోర్డు కూడా మీ చేతిరాతే. 'స్నానాలు: పావు తక్కువ ఐదు నుంచి ఐదుంబావు వరకు.' నేనెలా మారుస్తాను?"

"ఒక్క పదిహేను నిమిషాలురా. ముందు ఆడవాళ్ళు, తర్వాత మనవాళ్ళు. షెడ్డు కడగడం ఆఖర్న చేసినవాళ్ళ వంతు."

"వేడినీళ్ళు వచ్చేదే అరగంట. సగం వాళ్ళకిస్తే మనవాళ్ళకి గోరువెచ్చన. నన్ను నమిలి మింగేస్తారు."

"నేను ఒప్పిస్తే?"

"ఒప్పిస్తే నాకేం అభ్యంతరం? ఐదుంబావుకల్లా స్నానాలు ముగిస్తే మేనేజరు అటు తొంగి కూడా చూడడు. కానీ తలుపు దగ్గర నమ్మకమైన మనిషి ఉండాలి. రేపు ఏదైనా మాటొస్తే పోయేది నా ఉద్యోగం."

"మనిషిని నేనున్నాగా."

సాయంత్రం కూత కూసేసరికి పెద్దమేస్త్రీ షెడ్డు గుమ్మంలో రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు. పక్కనే పొడుగమ్మ, ఆమె వెనక మిగతా ఐదుగురు. రమ్మన్నాడు గనక వచ్చారు. ఎందుకో చెప్పినా నమ్మలేదు.

సబ్బులు, తువ్వాళ్ళు పట్టుకుని పరుగున వచ్చిన ముప్పై మందీ గుమ్మం ముందు ఒకరినొకరు గుద్దుకుని ఆగిపోయారు.

"ఏంటి గురూ, టిక్కెట్టు పెట్టావా?" అన్నాడు ఎర్రోడు.

"చెయ్యి చాపు."

"నాదా?"

"నీదే. ఇలా, ఈమె చెయ్యి పక్కన పెట్టు."

ఎర్రోడు నవ్వుతూ చాపాడు. ఈ ఏడాదే మగాళ్ళకి రబ్బరు తొడుగులు ఇచ్చారు. వాడి మణికట్టు దగ్గర తప్ప ఎక్కడా గట్టి రంగు లేదు. దాని పక్కన పొడుగమ్మ చెయ్యి చాపింది. గోళ్ళ నుంచి భుజం కిందిదాకా కమిలినట్టు నల్లటి నీలం. వేళ్ళ మడతల్లో చర్మం పగిలి, ఆ పగుళ్ళలో కూడా నీలమే. ఎర్రోడి నవ్వు మెల్లగా దిగిపోయింది.

"రంగు ముదురు ముందు" అన్నాడు పెద్దమేస్త్రీ. "నిన్న మీరే నాకు చెప్పారు. ఇప్పుడు చెప్పండి, ఎవరు ముందు?"

"అది మనలో మనకి" అంది వెనక నుంచి ఒక గొంతు. పసుపు తొట్టి పెద్దాయన. "ఆడవాళ్ళు ఆ లెక్కలో లేరు."

"ఎవరు తీసేశారు వాళ్ళని ఆ లెక్కలోంచి?"

"నువ్వే."

"నేనే" అన్నాడాయన. చాచిన చేతులు దించాడు. "మేనేజరు నన్ను అడిగాడు. వాళ్ళు ఇంటి దగ్గర చేసుకుంటారులెండి అన్నాను. వాళ్ళని అడగలేదు, మిమ్మల్నీ అడగలేదు. ఆ మాట అని తిన్నగా వచ్చి ఈ మొదటి పంపు కింద నిలబడ్డాను. రెండేళ్ళు నిలబడ్డాను. నిన్న సాయంత్రం బస్సులో సీట్లు ఖాళీగా ఉంటే వీళ్ళు నిలబడి వెళ్ళడం చూశాను. తప్పు నాది. పదిహేను నిమిషాలు మీవి. నాకిప్పుడు ఇక్కడ ఏ అధికారమూ లేదు. అడుక్కుంటున్నాను."

లోపల పంపుల్లోంచి వేడినీళ్ళు బండల మీద ఊరికే పడుతున్న చప్పుడు వినబడుతోంది. ఇన్నేళ్ళుగా ఆ మనిషి తిట్టగా విన్నారుగానీ, అడుక్కోగా వాళ్ళెవరూ వినలేదు.

ఎర్రోడు తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "సరే గురూ. ఒక్క షరతు. లోపల పాటలు మాత్రం పాడకూడదు. మా పాటగాడి నోటి దగ్గర కూడు తీసినట్టవుతుంది."

ఎవరో నవ్వారు. ఒకళ్ళు పక్కకి తప్పుకున్నారు, తర్వాత ఇంకొకళ్ళు. పసుపు తొట్టి పెద్దాయన అందరికంటే ఆలస్యంగా, గొణుక్కుంటూ, అయినా తప్పుకున్నాడు. దారి పడింది. పెద్దమేస్త్రీ తలుపు బార్లా తీసి, "వెళ్ళండమ్మా, నేనిక్కడే ఉంటా. చీమని కూడా రానివ్వను" అన్నాడు.

ఆడవాళ్ళు కదల్లేదు.

"ఏం? వెళ్ళండి, నీళ్ళు చల్లారిపోతాయి."

పొడుగమ్మ మొహమాటపడుతూనే అంది. "మీరు పెద్దవారే మేస్త్రీగారూ. కాదనను. కానీ మగవారు గుమ్మంలో కాపలా ఉంటే మేమెలా పోసుకుంటాం?"

ఇంత ఆలోచించినవాడికి ఆ ఒక్క ముక్క తట్టలేదు. ఆమె తడిసిన చెప్పులు చప్పుడు చేసుకుంటూ బస్సు స్టాపు వైపు నడిచింది. మిగతా ఐదుగురూ ఆమె వెనకే. ఆ సాయంత్రం షెడ్డులో పాటగాడు మొదటి చరణం కూడా ఎత్తలేదు.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు భార్యకి చెప్పాడు. ఆవిడ బియ్యం ఏరుతూ విని, "మీకు తట్టేవి ఎప్పుడూ సగమే తడతాయి" అని, చేట దులిపి లోపలికి వెళ్ళిపోయింది.

*

శుక్రవారం నాలుగింటికి ఆవిడ బయటికి వెళ్ళే చెప్పులు వేసుకుని, చేతిలో చిన్న పీటతో గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికి?"

"తలుపు దగ్గర మనిషి కావాలన్నారుగా. పదండి."

ఆయన పక్కన నడుస్తూ దారిపొడుగునా ఆవిడ చుట్టూ చూస్తూనే ఉంది. మిల్లు గేటు దగ్గర తలెత్తి పొగగొట్టం చివరిదాకా చూసి, "ఇదా!" అంది. ముప్పై ఏళ్ళు ఆ మిల్లు రంగులంటిన బట్టలు ఉతికిందిగానీ, గేటు దాటడం ఇదే మొదలు. కాపలా ముసలాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మేనేజరుకి కూడా ఆయన అంత నిటారుగా లేవడు.

కూత కూసింది. ఆవిడ పీట షెడ్డు గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. "వెళ్ళండర్రా పిల్లలూ" అంది ఆరుగురితో. వాళ్ళు ఆవిడ ముఖం చూశారు, పీట చూశారు, ఒకరి వెనక ఒకరు లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ భర్త వైపు తిరిగింది. "మీకు వేరే చెప్పాలా? మీరూ అటే."

పెద్దమేస్త్రీ వెళ్ళి మిగతా ముప్పై మందితో పాటు పెరట్లో పెచ్చులూడిన గోడ పక్కన, గుమ్మానికి వీపు తిప్పి నిలబడ్డాడు. అందరి భుజాల మీదా తువ్వాళ్ళు. రైలు తప్పిపోయినవాళ్ళలా ఉన్నారు. చిన్నమేస్త్రీ గడియారం చూసుకుంటున్నాడు. ఎర్రోడు సబ్బుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఎగరేస్తున్నాడు.

మొదట నీళ్ళ చప్పుడు ఒక్కటే వినబడింది. తర్వాత ఎవరో "అబ్బ!" అన్నారు. కాలిందనో, హాయిగా ఉందనో తెలియని అబ్బ. ఆ తర్వాత నవ్వులు. ఒకరి మీద ఒకరు చల్లుకుంటున్నట్టు కేకలు. పెద్దమేస్త్రీ ఆ చప్పుడు నలభై ఏళ్ళు లోపల ఉండి విన్నాడు. బయట నుంచి వింటే అది ఇలా ఉంటుందని ఇవాళే తెలిసింది. పెళ్ళిపందిరి అవతలి వీధిలో ఉన్నట్టు ఉంటుంది. వెళ్ళాలనిపిస్తుంది, పిలుపు మాత్రం ఉండదు.

లోపల నుంచి సన్నగా పాట మొదలైంది.

"షరతు! షరతు!" అని అరిచాడు ఎర్రోడు.

పాటగాడు చెవి రిక్కించి విన్నాడు. "ఊరుకో. ఆమెకి రెండో చరణం కూడా వచ్చు" అన్నాడు.

పదిహేను నిమిషాలు అయ్యాయి. చిన్నమేస్త్రీ దగ్గాడు. పదిహేడయ్యాయి. ఎవరూ ఏమీ అనలేదు. తలుపు తెరుచుకుని ముందు నుదుట చార పోయిన అమ్మాయి వచ్చింది, తర్వాత మిగతావాళ్ళు. చివరి ఆమెని చూసి ఎవరో కొత్త మనిషి అనుకున్నాడు పెద్దమేస్త్రీ. పొడుగమ్మ. వేళ్ళ చివరలు గులాబీ రంగులో ఉన్నాయి. పగుళ్ళలో నీలం ఇంకా ఉంది. అది నాలుగు రోజుల పని. కానీ మోచేతుల పైన ఆమె సొంత చర్మం కనబడుతోంది. దాన్ని ఆమె తన చేత్తోనే ఒకసారి నిమిరి చూసుకుంది. ఆయన ముందు నుంచి వెళ్తూ ఆగింది.

"ఇవాళ సీటు ఖాళీగా ఉంటే కూర్చుంటాం మేస్త్రీగారూ. లేపితే రేపు చెబుతాను" అంది.

మగాళ్ళు ఒక్క ఉదుటున షెడ్డులోకి దూరారు. "గురూ, రా! ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి, నీకు ఆఖరి పంపు పట్టి ఉంచా!" అని ఎర్రోడు లోపల నుంచి కేక పెట్టాడు.

పెద్దమేస్త్రీ రెండడుగులు వేసి ఆగాడు. గుమ్మంలో పీట ఉంది. దాని మీద మనిషి లేదు. చుట్టూ చూశాడు. షెడ్డు వెనక తలుపు వైపు నుంచి ఆవిడ నడిచి వస్తోంది, చేతుల్లో చెప్పులతో, బండల మీద తడి పాదాల గుర్తులు పడేలా. జుట్టు విప్పి ఉంది. చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ముఖం ఆవిరికి ఎర్రబడి, ఆయన మర్చిపోయిన ఏదో వయసులోకి వెళ్ళినట్టుంది.

"నువ్వు... కాపలా?"

"ఆ పొడుగమ్మాయి ముందే అయిపోయి, లోపలి నుంచి తలుపుకి ఆనుకుని కూర్చుంది కాసేపు. పంపులు ఎనిమిది, వాళ్ళు ఆరుగురు. రెండు ఊరికే పోతున్నాయి, వృథా ఎందుకని" అంది ఆవిడ. జుట్టు ముందుకి వేసుకుని రెండు చేతులతో పిండింది. "ఎంత వేడండీ! ఎంత ధార! బకెట్ అయిపోతుందన్న బెంగే లేదు. ఇంత సుఖం ఇన్నేళ్ళూ ఒక్కరే మూటగట్టుకున్నారా? ఒక్కరోజైనా చెప్పారా?"

లోపల పాటగాడు ఎత్తుకున్నాడు.

"ఇంక నాది రోజూ పావు తక్కువ ఐదుకే" అందావిడ. "కాపలా ఎలాగూ ఉండాలిగా."

"మరి నాది?"

"పదకొండు లోపు ఎప్పుడో చూసుకోండి. ఒక బకెట్ ముందే పట్టి పెట్టుకోండి, ఆగిపోతాయి" అని, ఆయన భుజం మీదున్న పొడి తువ్వాలు లాక్కుని తలకి చుట్టుకుంది.